విరుపు, కట్టు, నాటకం: మెడ బెణుకుకు 150 ఏళ్ల చరిత్ర



ఈమధ్య మన గ్రూపులో మెడ విరిచే వీడియోలు చాలా వస్తున్నాయి. ఒకాయన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, తల పట్టుకొని ఒక్కసారి తిప్పుతాడు. ‘టక్’ అని చప్పుడు. పడుకున్నవాడు లేచి నవ్వుతాడు. దీన్ని కైరోప్రాక్టిక్ అంటారు. అలాంటి ఒక వీడియో కింద మన సభ్యుడొకరు అడిగారు: “కాశేలి దగ్గర మా ఆటోను వెనక నుంచి టెంపో గుద్దింది. ఎముక విరగలేదు కానీ మెడ తిరగడం లేదు. ఇట్లాంటి చోటికి పోవచ్చునా?”

దానికి మూడు జవాబులు వచ్చాయి. “పో, ఒక్క విరుపుతో పోతుంది” అన్నారు ఒకరు. “అవన్నీ వద్దు, హాడ్‌వైద్యుడి దగ్గర కట్టు కట్టించుకో” అన్నారు ఇంకొకరు. “ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే ఏమీ లేనట్టే, పైసల కోసం నాటకం” అని మూడో ఆయన రాశారు.

ఆ మూడో జవాబు చదివినప్పుడు నాకు రాయాలనిపించింది. నేను డాక్టరును కాను. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కానీ ఈ మూడు జవాబులకూ చరిత్ర ఉంది. అందులో మొదటి అధ్యాయం రైల్వేదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి.

1. కథ రైలుతో మొదలైంది

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి మన పక్కనున్న ఠాణేకు వచ్చింది. ఇంగ్లాండులో అప్పటికే రైళ్లు ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్నాయి. ప్రమాదాలు కూడా జరుగుతున్నాయి. అంతకుముందు మనిషి గుర్రం మీద నుంచి పడితే కాలో చెయ్యో విరిగేది. రైలు ప్రమాదంలో ఒక కొత్త సంగతి కనిపించింది. ఒంటి మీద గీత కూడా పడని మనిషి తన కాళ్ల మీద తాను ఇంటికి నడిచిపోయేవాడు. రెండు రోజులు పోయాక మెడ, నడుము పట్టేసేవి. నిద్ర ఉండదు, చేతులు తిమ్మిర్లు, పని మీద మనసు నిలవదు.

నవలా రచయిత చార్లెస్ డికెన్స్ 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో ఉన్నాడు. పది మంది చనిపోయారు. ఆయనకు పెద్ద గాయం లేదు. తానే దిగి దెబ్బతిన్నవాళ్లకు నీళ్లు పట్టాడు. కానీ తర్వాత రైలెక్కితే భయంతో వణికేవాడు. సరిగ్గా ఐదేళ్లకు, 1870 జూన్ 9న చనిపోయాడు.

1866లో లండన్ యూనివర్సిటీ కాలేజీ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్‌సెన్ ఇలాంటి రోగుల గురించి చెప్పిన ఉపన్యాసాలను పుస్తకంగా తెచ్చాడు. రైలు కుదుపుకు వెన్నుపాము లోపల దెబ్బ తింటుంది, బయటికి కనిపించకపోయినా అది నిజమైన గాయమే అని ఆయన వాదన. జనం ఆ జబ్బుకు ‘రైల్వే స్పైన్’ అని పేరు పెట్టారు, అంటే రైలు వెన్ను. కోర్టుల్లో దావాలు పడ్డాయి, కంపెనీలు పరిహారం కట్టాల్సి వచ్చింది.

కంపెనీలు ఊరుకుంటాయా? 1883లో హెర్బర్ట్ పేజ్ అనే సర్జన్ దానికి ఎదురుగా ఇంకో పుస్తకం రాశాడు. వీళ్లలో చాలామందికి వెన్నుపాము గాయమేమీ లేదు, ఇదంతా భయం వల్ల, మనసుకు తగిలిన షాకు వల్ల వచ్చింది అన్నాడు. ఆయన లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి సర్జన్. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. భయం కూడా ఒంటిని పడగొడుతుంది. కానీ కోర్టులో ఆ మాట ‘నాటకం’ అనే మాటగా మారడానికి ఎక్కువ సమయం పట్టలేదు.

చూశారా, మన గ్రూపులో వచ్చిన మూడో జవాబు వయసు 140 ఏళ్లు. ఎరిక్‌సెన్ గానీ పేజ్ గానీ బతికున్న మనిషి మెడ ఎముకను లోపల చూడలేదు. చూసే యంత్రం అప్పటికి పుట్టలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

2. కట్టు: రాచపాలెం నుంచి లివర్‌పూల్ దాకా

రెండో జవాబు కట్టు. దీని మీద నాకు అభిమానం ఎక్కువ. నాది తిరుత్తణి వైపు. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. అందుకే నా బడి చదువు తమిళంలో, ఇంటి మాట తెలుగులో. మా వైపు ఎముక విరిగితే ఏ భాషవాడైనా చెప్పే మాట ఒక్కటే: పుత్తూరు కట్టు. మద్రాసు వీధుల్లో కూడా ‘పుత్తూర్ కట్టు’ అనే బోర్డులు కనిపిస్తాయి.

పుత్తూరు రేణిగుంట, అరక్కోణం మధ్య స్టేషన్. మన కల్యాణ్ నుంచి సోలాపూర్, గుంతకల్లు మీదుగా మద్రాసుకు పోయే లైను మీదే ఉంది. బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు వైపు నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. కట్టు కోసం చేతులు, కాళ్లు పట్టుకొని దూరప్రాంతాల జనం రావడానికి ఈ రైలు దారి ఎంతో సాయం చేసింది.

పుత్తూరు పక్కన రాచపాలెంలో రాజుల కుటుంబం ఈ వైద్యం చేస్తోంది. 1881లో కేశవరాజు అనే ఆయనతో మొదలైందని చెబుతారు. వేటకు పోయి కొట్టిన కుందేలును ఆకుల్లో చుట్టి తెచ్చారట, ఇంటికొచ్చి విప్పితే దాని విరిగిన ఎముక అతుక్కొని ఉందట. ఇది కథ. కథను కథగానే తీసుకుందాం. పని మాత్రం నిజం. ఎముకను చేత్తో తడిమి సర్ది, ఆకు పసరు, గుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి, గుడ్డతో బిగించి కడతారు. పేదవాడికి అందుబాటులో ఉన్న వైద్యం అది. కాలో చెయ్యో మామూలుగా విరిగితే, కదలకుండా ఉంచితే, ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. కట్టు బలం అంతా ఆ కదలకుండా ఉంచడంలోనే ఉంది.

ఇంగ్లాండులో కూడా ఇట్లాంటి కుటుంబాలు ఉండేవి. వేల్స్‌లోని ఆంగిల్‌సీ ద్వీపం నుంచి వచ్చిన ఒక ఎముకలు కట్టే కుటుంబంలో ఎవాన్ థామస్ అనే ఆయన లివర్‌పూల్‌లో కట్లు కట్టేవాడు. చదువుకున్న డాక్టర్లు ఆయన మీద కేసులు వేశారు. ఆయన కోపం తెచ్చుకోలేదు. కొడుకులను వైద్య కాలేజీలో చదివించాడు. అందులో ఒకడు హ్యూ ఓవెన్ థామస్. తండ్రి చేతి పనినీ కాలేజీ చదువునూ కలిపి, విరిగిన కాలు కదలకుండా పట్టే ఇనుప చట్రం తయారుచేశాడు. దాని పేరు థామస్ స్ప్లింట్. ఆయన 1891లో చనిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ ఆ చట్రాన్ని సైన్యంలో వాడించాడు. తొడ ఎముక విరిగిన సిపాయిల చావులు బాగా తగ్గాయి. ఎముకల డాక్టర్ల విద్యకు ఇంగ్లాండులో ఆయనను తండ్రిలాంటివాడు అంటారు. కట్టు కట్టేవాళ్లను ఎవరైనా చిన్నచూపు చూస్తే ఈ సంగతి చెప్పండి.

కానీ కట్టుకు రెండో ముఖం ఉంది. రాచపాలెం కథ చెప్పే ఆ 1881లోనే జర్మనీలో రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ అనే సర్జన్ ఒక హెచ్చరిక రాశాడు. కట్టు మరీ బిగిస్తే నెత్తురు ఆడక కండ చచ్చిపోతుంది, వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోవు అని. ఆ వంకరకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. సాంచా మీద పనిచేసే మనిషికి వేళ్లు పోతే బతుకు పోయినట్టే. కట్టు కట్టాక వేళ్లు నల్లబడినా, చల్లబడినా, భరించలేని నొప్పి వచ్చినా ఎవరి మాటకూ ఆగకుండా వెంటనే విప్పించాలి.

మెడ సంగతి వేరే. పుత్తూరు కట్టు పేరు తెచ్చుకున్నది చేతుల మీద, కాళ్ల మీద. మెడకు వెదురు దబ్బ పెట్టి బిగించలేం. మెడకు కాలర్ పట్టీ తయారుచేసిన వాళ్లలో కూడా హ్యూ ఓవెన్ థామస్ ఉన్నాడు. విశ్రాంతి, ఇంకా విశ్రాంతి, కదలకుండా విశ్రాంతి అనేది ఆయన సూత్రం. ఆ సూత్రం విరిగిన ఎముకకు సరిపోయింది. బెణికిన మెడకు సరిపోయిందా లేదా అన్నది తేలడానికి ఇంకో వంద సంవత్సరాలు పట్టింది.

3. విరుపు: 1895లో 51 రోజులు

ఇక మొదటి జవాబు. అమెరికాలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ ఊళ్లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన ఉండేవాడు. కెనడాలో పుట్టాడు, కిరాణా వ్యాపారం చేశాడు, తర్వాత అయస్కాంత వైద్యం అని చేతులు పెట్టి నయం చేసే పని పెట్టుకున్నాడు. అదే భవనంలో హార్వీ లిల్లార్డ్ అనే ఊడ్చే పనివాడు ఉండేవాడు. ఆయనకు చాలా ఏళ్లుగా చెవుడు. వంగి పనిచేస్తుండగా వెన్నులో ఏదో కదిలినట్టయిందని, అప్పటినుంచి వినిపించడం లేదని చెప్పాడు. 1895 సెప్టెంబరు 18న పామర్ ఆయన వెన్ను మీద ఉబ్బుగా ఉన్న ఎముకను చేత్తో ఒక్క తోపు తోశాడు. లిల్లార్డ్‌కు వినికిడి వచ్చిందని పామర్ రాసుకున్నాడు. అక్కడ పుట్టింది కైరోప్రాక్టిక్. గ్రీకు మాటల్లో చేతితో చేసే పని అని అర్థం. వెన్నుపూసలు జరిగి నరాలను నొక్కడమే దాదాపు అన్ని జబ్బులకూ మూలం అని పామర్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతం నిలబడలేదు. చెవికి పోయే నరం మెదడు నుంచి నేరుగా పోతుంది, వెన్ను గుండా పోదు.

ఆ రోజుకు సరిగ్గా 51 రోజుల తర్వాత, 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు.

నేను ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. కట్టు, విరుపు, నాటకం అనే మూడు జవాబులూ ఎక్స్‌రేకు ముందు పుట్టినవే. మనిషి ఎముకను చూడగలిగే కన్ను రాకముందు చేతికి తెలిసినంత, నోటికి వచ్చినంత చెప్పినవి. కన్ను వచ్చి 130 ఏళ్లు అయింది. మనం ఇంకా ముందు చేయినే పంపిస్తున్నాం.

పామర్ 1906లో లైసెన్సు లేని వైద్యం చేసినందుకు జైలుకు పోయాడు. డాక్టర్ల సంఘానికీ కైరోప్రాక్టర్లకూ దశాబ్దాల పాటు యుద్ధం నడిచింది. 1974లో లూసియానా కూడా లైసెన్సు ఇవ్వడంతో అమెరికాలో అన్ని రాష్ట్రాలూ ఒప్పుకున్నట్టయింది. 1987లో అక్కడి కోర్టు ఈ వృత్తిని వెలివేయడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కుట్ర చేసిందని తీర్పు ఇచ్చింది. అంటే ఇప్పుడు అక్కడ కైరోప్రాక్టర్ అంటే కొన్నేళ్లు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకున్న మనిషి. తప్పు జరిగితే అడగడానికి ఒక బోర్డు ఉంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పని నేర్పడానికి, జాగ్రత్తలకు మార్గదర్శకాలు రాసింది. ఎముక విరిగిన చోట, కీలు వదులైన చోట విరుపు పనికిరాదని వాటిలోనే ఉంది.

మన దేశంలో డాక్టర్లకు ఉన్నట్టు కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. విదేశంలో చదివి వచ్చినవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లను చూసి వీడియోల్లో నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. మంగలి షాపులో తల మాలిష్ అయ్యాక మెడ విరిచే అలవాటు ఎలాగూ ఉంది. బోర్డు మీద ముగ్గురి పేరూ ఒక్కలాగే కనిపిస్తుంది. తేడా కనుక్కోవలసింది మనమే.

4. కారు వచ్చాక

రైలు వెన్ను మెల్లగా మరుపున పడింది. కార్లు వచ్చాక అదే జబ్బు ఇంకో పేరుతో తిరిగి వచ్చింది. 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎముకల డాక్టర్ల సభలో హెరాల్డ్ క్రో అనే ఆయన ‘విప్‌లాష్’ అనే మాట వాడాడు. కొరడా ఝళిపించినప్పుడు దాని కొస ఎలా ఊగుతుందో మెడ అలా ఊగింది అని ఆయన చెప్పదలచుకున్నాడు. ఆయన చెప్పింది కదలికను గురించి. జనం, డాక్టర్లు, వకీళ్లు దాన్ని రోగం పేరుగా చేసుకున్నారు. తర్వాత ఆయనే దానికి బాధపడ్డాడు.

లోపల జరిగేది ఇది. బండి ఆగి ఉంది, వెనక నుంచి టెంపో గుద్దింది. సీటు మన వీపును ముందుకు తోస్తుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఒక సెకనులో పదో వంతు సేపట్లో మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు వంగి పాములా మెలిక తిరుగుతుంది. తర్వాత తల కూడా విసురుగా వెనక్కి పోయి ముందుకు వస్తుంది. నాలుగైదు కిలోల బరువు సన్నటి కర్ర కొసన పెట్టి కర్రను గుంజినట్టు. ఎముక విరగకపోవచ్చు. పూసల మధ్య చిన్న కీళ్లు, వాటి చుట్టూ ఉన్న నారలు, కండరాలు దెబ్బ తింటాయి. ఇవి మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. నొప్పి కూడా చాలామందికి వెంటనే రాదు, రాత్రికో మర్నాడో వస్తుంది.

అమెరికాలో 1969 జనవరి నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు తల ఆనే దిండు తప్పనిసరి చేశారు. అది నిద్రపోవడానికి కాదు, తల వెనక్కి పోకుండా ఆపడానికి. మనలో కార్లున్నవాళ్లు ఇవాళే చూడండి. ఆ దిండు మెడ దగ్గర కాదు, తల వెనక ఉండాలి. పైకి లాగితే వస్తుంది. మన ఆటోలకు, టెంపోలకు, మోటారు సైకిళ్లకు ఆ దిండు కూడా లేదు. ఠాణే నుంచి కాశేలి, కాల్హేర్ మీదుగా భివండీకి వచ్చే రోడ్డు మీద గోదాముల కంటైనర్ల మధ్య రోజూ వెళ్లేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది?

5. నాటకమా?

ఈ ప్రశ్నకు రెండు వైపులా సాక్ష్యం చెబుతాను. ఒకవైపే చెబితే అది పేజ్ గారి పుస్తకం అవుతుంది.

లిథువేనియాలో అప్పట్లో ఇలాంటి నొప్పికి పరిహారం అడిగే అలవాటు లేదు. అక్కడ కౌనస్ ఊళ్లో వెనక నుంచి గుద్దించుకున్న 202 మందిని ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత అడిగారు. 35 శాతం మంది మెడనొప్పి ఉందన్నారు. ప్రమాదమే జరగనివాళ్లను అడిగితే 33 శాతం మంది ఉందన్నారు. 1996లో ఇది అచ్చయింది. కెనడాలో సస్కాచెవన్ రాష్ట్రం 1995 జనవరి 1 నుంచి నొప్పి, బాధల కోసం కోర్టులో దావా వేసే పద్ధతి తీసేసింది. అంతకుముందు ఆరు నెలల్లో లక్ష మందికి 417 విప్‌లాష్ క్లెయిములు వచ్చేవి, తర్వాత ఆరు నెలల్లో 302 అయ్యాయి. ఒక క్లెయిము ముగియడానికి పట్టే కాలం 433 రోజుల నుంచి 194కు దిగింది. “చూశారా, అంతా నాటకమే” అన్నారు కంపెనీల వాళ్లు.

ఇప్పుడు రెండో వైపు. 1996లోనే ఆస్ట్రేలియా డాక్టర్లు కారు ప్రమాదం తర్వాత ఎన్నాళ్లయినా నొప్పి పోని 24 మందిని తీసుకున్నారు. సగం మందికి మెడ కీళ్ల నుంచి నొప్పి మోసే సన్నటి నరాన్ని వేడితో మూసేశారు. మిగతా సగం మందికి అంతా అలాగే చేశారు కానీ వేడి పెట్టలేదు. ఎవరికి ఏది చేశారో రోగికి తెలియదు. నొప్పి మళ్లీ సగానికి తిరిగి రావడానికి ఉత్తుత్తి చికిత్స జరిగినవాళ్లకు మధ్యస్థంగా 8 రోజులు పట్టింది, నిజంగా మూసినవాళ్లకు 263 రోజులు. ఎక్స్‌రేలో ఏమీ లేని ఆ మెడలో నొప్పి పుట్టే చోటు నిజంగా ఉంది. నటించేవాడైతే నిజమైన వేడికీ ఉత్తుత్తి వేడికీ తేడా ఎలా చెప్పగలడు?

రెండూ కలిపి నాకు అర్థమైంది ఇది. చాలా మెడలు వాటంతట అవే బాగవుతాయి. కోర్టు చుట్టూ తిరగడం, భయపెట్టే మాటలు, పడుకోబెట్టడం నొప్పిని పొడిగిస్తాయి. అయినా కొందరికి నొప్పి నిజంగా లోపల ఉండిపోతుంది. చాలా అధ్యయనాలను కలిపి చూసి 2008లో ఒక అంతర్జాతీయ బృందం చెప్పింది: ఏడాది తర్వాత అడిగితే దాదాపు సగం మంది ఇంకా కొంత మెడనొప్పి ఉందన్నారు. కన్ను ఎముకను మాత్రమే చూసింది. కన్నుకు కనిపించలేదు కాబట్టి మనిషి అబద్ధమాడుతున్నాడు అనడం కూడా తొందరపాటే.

మన రైల్వే నియమాల్లోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. 1990 నాటి రైల్వే ప్రమాదాల పరిహార నియమాల పట్టికలో చెయ్యి పోతే ఇంత, వేలు పోతే ఇంత, కన్ను పోతే ఇంత అని లెక్క కట్టి ఉంది. మెడనొప్పి అనే వరుస లేదు. కానీ ఆ నియమాల్లోనే ఇంకో మాట ఉంది: పట్టికలో లేని గాయం వల్ల నొప్పి, బాధ కలిగితే వైద్య సాక్ష్యం చూసి ట్రిబ్యునల్ న్యాయమైన మొత్తం తేల్చాలి అని. పట్టిక రాసినవాళ్లు కూడా పట్టికకు అందని నొప్పి ఉంటుందని ఒప్పుకున్నారు. గుమాస్తాగా నాకు ఆ నియమం అంటే గౌరవం.

6. మరి మెడకు ఏం చేయాలి?

1995లో కెనడా క్యూబెక్‌లో నిపుణుల బృందం విప్‌లాష్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చదివి మెట్లు వేసింది. మొదటి మెట్టు నొప్పి, బిగుసుకుపోవడం మాత్రమే. రెండోది డాక్టరు చూస్తే మెడ సరిగ్గా తిరగకపోవడం, తాకితే నొప్పి. మూడోది నరాల గుర్తులు, అంటే చెయ్యి బలహీనం కావడం, స్పర్శ తగ్గడం. నాలుగోది ఎముక విరగడం లేదా పూస జరగడం.

మొదటి రెండు మెట్లకు వాళ్లు చెప్పింది థామస్ సూత్రానికి ఎదురు: కాలర్ పెట్టుకొని వారాల తరబడి పడుకోవద్దు, నెమ్మదిగా మెడ ఆడిస్తూ మామూలు పనికి త్వరగా తిరిగి రావాలి. అంటే ఇక్కడ కట్టు ఓడిపోయింది. మరి విరుపు గెలిచిందా? చదువుకున్న చేయి నెమ్మదిగా మెడను కదిలిస్తే, దానికి వ్యాయామం తోడైతే కొందరికి కొంత ఉపశమనం ఉంది. ఒక్క విరుపుతో నయం అనే మాటకు ఆధారం లేదు. పైగా మెడ పూసల రంధ్రాల గుండా మెదడుకు నెత్తురు తీసుకుపోయే ధమనులు ఉన్నాయి. మెడ విరుపు తర్వాత ఆ ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీని మీద ప్రకటన చేసింది. ఇది అరుదు, విరుపే కారణమని తేలలేదు, కానీ సంబంధం కనిపిస్తోంది కాబట్టి రోగికి ముందే చెప్పాలి అని. ప్రమాదంలో ఆ ధమని అప్పటికే చిరిగి ఉండవచ్చు. అలాంటి మెడను వారం తిరక్కుండానే ఇంకొకరి చేతిలో పెట్టి టక్కుమనిపించడం ఎంత సాహసమో ఆలోచించండి.

ఎవరికి ఎక్స్‌రే లేదా సి.టి. స్కాన్ కావాలో చెప్పే నియమాన్ని 2001లో కెనడా డాక్టర్లు దాదాపు 9 వేల మంది రోగులను చూసి తయారుచేశారు. దాన్ని మన మాటల్లో పెడితే: వయసు 65 దాటితే, చేతుల్లో కాళ్లల్లో తిమ్మిరి ఉంటే, బండి బోల్తా పడినా, మోటారు సైకిల్ మీద నుంచి పడినా, ఎత్తు నుంచి పడినా, ఫోటో తప్పనిసరి. అవేవీ లేనప్పుడు డాక్టరు చూసి, మెడను రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పగలుగుతున్నాడా అని అడుగుతాడు. తిప్పించేది డాక్టరు ముందు, తిప్పేది రోగి తానే. వేరేవాడు తిప్పడు.

మన సభ్యుల కోసం క్లుప్తంగా:

ఒకటి. దెబ్బ తగిలిన మనిషి మెడనొప్పి, తిమ్మిరి అంటే లాగి కూర్చోబెట్టకండి. కదలనీయకుండా ఉంచి 108కు ఫోను చేయండి.

రెండు. నొప్పి తక్కువైనా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఏ బండి, ఎక్కడ నొప్పి అన్నీ చీటీలో రాయించుకోండి. మర్నాడు మెడ పట్టేస్తే మళ్లీ పోయి అది కూడా రాయించుకోండి. కనిపించని నొప్పికి మొదటి సాక్షి ఆ చీటీయే.

మూడు. తల తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడడం, మింగలేకపోవడం, నడక తూలడం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, మలమూత్రాల పట్టు తప్పడం – వీటిలో ఏదొచ్చినా పెద్దాసుపత్రికే. ఇంట్లో మాలిష్ కూడా వద్దు.

నాలుగు. ఎముక బాగుందని తేలాక ఫిజియోథెరపిస్టు దగ్గర మెడ ఆడించే వ్యాయామం నేర్చుకోండి. కాలర్‌ను అలవాటు చేసుకోకండి. కైరోప్రాక్టర్ దగ్గరికే పోవాలంటే ఎక్కడ చదివారు అని అడగండి, ఫోటోలు చూపించండి, గట్టి విరుపు వద్దని ముందే చెప్పండి. ఫోటో చూడకుండా మెడ పట్టుకునేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఐదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు గుర్తించిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం దొరకాలి. ఆసుపత్రిలో అడగండి. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఠాణేలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు కాబట్టి ఆలస్యం చేయకండి.

చివరిగా ఆ మూడో జవాబు రాసిన సోదరుడికి ఒక మాట. కోపంతో కాదు, ప్రేమతోనే చెబుతున్నాను. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడే మనిషి మెడ నొప్పి అంటే ఒక రోజు కూలి పోతుంది, రెండో రోజు సేఠ్ మాట పడాలి. దాని మీద మనవాళ్లే నాటకం అంటే అతను నోరు మూసుకొని వీడియోలో కనిపించిన విరుపు దగ్గరికి పోతాడు. 1883లో కంపెనీ సర్జన్ ఆ మాట అన్నాడంటే ఆయనకు జీతం ఇచ్చేది కంపెనీ. మనకెవరు జీతం ఇస్తున్నారు?

ముందు కన్నుతో చూడనిద్దాం. కన్నుకు దొరకనిది చెవితో విందాం. చేయి సంగతి ఆ తర్వాత.

మీ ఊళ్లల్లో, కరీంనగర్, నల్లగొండ, వరంగల్, సోలాపూర్ వైపు, ఎముకలు కట్టే కుటుంబాలు ఉంటే వాళ్లు ఏ ఆకు వాడేవారో, ఎలా కట్టేవారో, ఏ దెబ్బకు ‘ఇది మా వల్ల కాదు, ఆసుపత్రికి పోండి’ అనేవారో కింద రాయండి. మంచి చేతివాటం ఉన్నవాడికి తన హద్దు ఎక్కడో కూడా తెలుస్తుంది. ఆ కథలు మన పిల్లలకు మిగలాలి.